మా ఎర్రాకు చెట్టు ఎందుకు ఎర్రబడలేదు?

డిసెంబర్ వచ్చిందంటే మా ఇంటి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఒక్క క్షణం ఆగుతారు. గొప్ప ఇల్లేమీ కాదు. రాజమండ్రిలో రెండు వందల గజాల స్థలంలో మావయ్యగారు కట్టించిన పాత డాబా. ఆగేది గేటు పక్కనున్న పొదను చూసి. మనిషెత్తు దాటిన చెట్టు, చలికాలం వచ్చేసరికి పైనంతా కుంకుమ ఆరబోసినట్టు ఉంటుంది. దాని పేరు పాయిన్‌సెట్టియా. క్రిస్మస్ రోజుల్లో షాపుల ముందు చిన్న కుండీల్లో మీరందరూ చూసే ఉంటారు. నేలలో నాటితే అదే ఎనిమిది, పది అడుగులు పెరుగుతుంది.

మా అత్తయ్యగారికి ఆ పేరు నోరు తిరగదు. "ఎర్రాకు చెట్టు" అంటారు. నిజానికి ఆవిడ పెట్టిన పేరే సరైనది. మనం పువ్వు అనుకునే ఎర్రటివన్నీ ఆకులే. అసలు పువ్వులు వాటి మధ్యలో పసుపుపచ్చగా, సెనగగింజలంత ఉంటాయి. కాగితం పూల చెట్టుదీ ఇదే సంగతి.

మా అమ్మాయి టెన్త్ చదివిన ఏడాది, అంటే కిందటేడు, ఆ చెట్టు ఎర్రబడలేదు. పేరెంట్ పేజీకి ఏదైనా రాయమని అడిగినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అదే. మా అబ్బాయి ఇప్పుడు ఇక్కడే ఆరో తరగతి. మీలో చాలామంది ఇళ్ళల్లో ఈ ఏడు టెన్త్ పిల్లలు ఉంటారు కాబట్టి కూడా రాస్తున్నాను.

ముందు మా పెరడు గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే అత్తయ్యగారు ఒప్పుకోరు. చలికాలంలో పూసే చెట్లంటే ఊటీలోనో కాశ్మీర్‌లోనో ఉంటాయనుకుంటాం. మన గోదావరి ఒడ్డున చలి ఎంత? స్వెట్టర్ బయటికి తీసి, నాలుగు రోజులు వేసుకుని, మళ్ళీ బీరువాలో పెట్టేంత. అయినా ఆ కాస్త చలికోసమే ఏడాదంతా కాచుకుని ఉండే చెట్లు మన పెరళ్ళలో చాలా ఉన్నాయి.

ముందు మొదలుపెట్టేది వెనక పెరట్లో ఉన్న దేవకాంచనం. వినాయక చవితికి దాని ఆకులు కోస్తాం, గండకీ పత్రం అని పూజలో చదివేది అదే. చవితి వెళ్ళాక నెలా నెలన్నరకి గులాబీ, ఊదా కలిసిన రంగులో పూలు విచ్చుకుంటాయి. ఆకు రెండుగా చీలి ఆవు గిట్టలా ఉంటుంది. ఆ జంట ఆకును చూసే స్విట్జర్లాండ్‌కు చెందిన బౌహిన్ అనే ఇద్దరు అన్నదమ్ముల పేరు మీద దాని శాస్త్రీయ నామం బౌహినియా అయిందట. ఇద్దరూ వృక్షశాస్త్రవేత్తలే. ఇది మా అబ్బాయి చెప్పిన సంగతి. అక్కతో దెబ్బలాడినప్పుడల్లా "మన పేరు మీద ఏ చెట్టూ ఉండదు" అంటాడు.

తర్వాత ఆకాశమల్లి. అది మాది కాదు, వీధి చివరింటి వాళ్ళది, కానీ వాసన మా అందరిదీ. పొడవాటి తెల్లని కాడలతో పూలు రాత్రిపూట విచ్చుకుని తెల్లారేసరికి రోడ్డంతా రాలి ఉంటాయి. చిన్నప్పుడు ఆ కాడల్ని ఒకదాంట్లో ఒకటి అల్లి, సూదీ దారం లేకుండా జడలు చేసేవాళ్ళం. చెట్టు ఎత్తుగా ఎదుగుతుంది గానీ కొమ్మ పెళుసు. తుఫాను గాలి వస్తే కింద కారు పెట్టకండి.

ఆ తర్వాత డిసెంబరాలు. కొందరు గొబ్బిపూలంటారు. కుళాయి పక్కన వరసగా ఊదా, తెలుపు, గులాబీ రంగులవి ఉన్నాయి. వాసన ఉండదు. అయినా ఆ నెలన్నర అత్తయ్యగారి తల్లో అవే. మొండి మొక్క. వానాకాలంలో జానెడు కొమ్మ గుచ్చితే చాలు, బతికేస్తుంది. ఇక సంక్రాంతి నాటికి వెనక మామిడి పూతకొస్తుంది, మునగచెట్టు తెల్లబడుతుంది, తేనెటీగలు దిగుతాయి.

కిందటేడు ఇవన్నీ వేళకే పూశాయి. ఎర్రాకు చెట్టు ఒక్కటే ఊరుకుంది.

ఆ చెట్టు మావయ్యగారు రిటైరైన ఏడాది కడియం నర్సరీ నుంచి అరచేతిలో పట్టే కుండీలో తెచ్చారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆబ్దికం మార్గశిరంలో వస్తుంది. ఆ రోజు పనులన్నీ అయ్యాక, సాయంత్రం అత్తయ్యగారు స్వయంగా గేటు దగ్గరికి వెళ్ళి ఒక్క కొమ్మ కోస్తారు. కోసిన చోట పాలు కారతాయి, ఆముదం కుటుంబానికి చెందిన మొక్క కదా. ఆ చివరను వేడినీళ్ళలో కాసేపు ముంచితే పాలు ఆగుతాయి, కొమ్మ రెండు మూడు రోజులు వాడకుండా ఉంటుంది. దాన్ని ఇత్తడి చెంబులో పెట్టి మావయ్యగారి ఫొటో ముందు ఉంచుతారు. ఇది ఏ శాస్త్రంలోనూ లేదు. ఆవిడ పెట్టుకున్న పద్ధతి.

కిందటేడు ఆ రోజు సాయంత్రం ఆవిడ గేటు దాకా వెళ్ళి, చెట్టు చుట్టూ ఒకసారి చూసి, వెనక్కి వచ్చి డిసెంబరాలు కోసుకున్నారు. చెంబులో అవే పెట్టారు. ఏమీ అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఎందుకంటే చెట్టు బాధ్యత నాది. నీళ్ళు, ఎరువు, కత్తిరింపు అన్నీ నేనే. అక్టోబర్ చివర్లోనే నాకు అనుమానం వచ్చింది. అరటితొక్కలు నానబెట్టిన నీళ్ళు పోశాను. ఎవరో చెబితే ఎప్సమ్ సాల్ట్ వేశాను. అదీ చాల్లేదని గుప్పెడు యూరియా వేశాను. చెట్టు నిగనిగలాడుతూ ఇంకా పచ్చబడింది. అంత ఆరోగ్యంగా అది ఎప్పుడూ లేదు. ఎరుపు మాత్రం ఆకంత కూడా లేదు.

ఇంత పచ్చగా ఉండి రంగు రాకపోతే ముసలిదైపోయిందనుకున్నాను. తీసేసి కొత్తది నాటుదామని ఒక ఆదివారం స్కూటీ మీద కడియం వెళ్ళాను, అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని. టెన్త్ పిల్లని ఆదివారం పూట బయటికి తీసుకెళ్ళడమేమిటని నాకే గిల్టీగా ఉంది. సాయంత్రం రెండు గంటలు ఎక్కువ చదువుకోవాలని ఒప్పందం చేసుకునే బయల్దేరాం.

నర్సరీలో వరసలు వరసలుగా ఎర్రటి కుండీలు. అక్కడి పెద్దాయనకి మా గోడు చెప్పాను. చెట్టుకేమైనా తెగులుందా, పురుగుందా అని ఆయన అడగలేదు. ఒకటే అడిగారు.

"రాత్తిరి దాని మీద లైటేవన్నా పడతందాండీ?"

నేను పడదని చెప్పబోతున్నాను. మా అమ్మాయి "పడుతుంది" అంది.

ఆ లైటు పెట్టించింది నేనే. జూన్‌లో టెన్త్ మొదలవగానే. హాల్లో టీవీ, తమ్ముడి గోల, వచ్చేపోయే చుట్టాలు. చదువు సాగదని వరండాలో టేబులు వేశాం. వరండా బల్బు గుడ్డిగా ఉందని, గేటు వైపుకి తిరిగి ఉండేలా యాభై వాట్ల ఎల్‌ఈడీ ఫోకస్ లైటు బిగించాం. వెలుగెక్కువ ఉంటే నిద్ర రాదని నా లెక్క. స్కూల్లో స్టడీ అవర్స్ అయ్యాక ఇంటికొచ్చి, తిని, పదకొండున్నర దాకా అక్కడే. మళ్ళీ తెల్లవారి నాలుగున్నరకి లేపి కూర్చోబెట్టేదాన్ని. ఇదంతా స్కూలు వాళ్ళు చెప్పింది కాదు. వాట్సాప్‌లో ఎవరో టాపర్ టైమ్‌టేబుల్ అని పంపితే చూసి నేను తయారుచేసుకున్నది.

"అయితే చెట్టు బానే ఉందండి" అన్నారాయన. "మీరే దాన్ని పడుకోనివ్వట్లేదు."

ఈ మొక్క సంవత్సరాన్ని లెక్కపెట్టేది రాత్రులతోనట. వేసవి పోయి రాత్రులు పొడుగవుతుంటే ఆకులు దాన్ని పసిగడతాయి. పన్నెండు గంటలకు మించి ఎడతెగని చీకటి, రోజూ, ఒకటి రెండు నెలలపాటు అందితేనే మొగ్గ కడుతుంది, పై ఆకులు ఎర్రబడతాయి. మధ్యలో లైటు పడితే దానికి ఇంకా ఎండాకాలమే. మన దగ్గర డిసెంబర్‌లో పగలు పదకొండు గంటల పైచిలుకు, రాత్రి దాదాపు పదమూడు గంటలు. మా ఇంటి చెట్టుకి మాత్రం రాత్రంటే పదకొండున్నర నుంచి నాలుగున్నర దాకా, ఐదు గంటలు.

ఇంటికి రాగానే అమ్మాయి పుస్తకం ముట్టుకోకుండా చెట్టు చుట్టూ తిరిగింది. గేటు స్తంభం వెనక, లైటు నీడలో ఉన్న రెండు కొమ్మలు చూపించింది. వాటి చివర ఆకులు ఎర్రగా ఉన్నాయి. గోడకి, స్తంభానికి మధ్య ఇరుక్కుని ఉండటంతో మేమెవరం చూడలేదు. ఒకటే చెట్టు, ఒకటే వేరు. వెలుగు పడిన వైపు వేసవి, నీడ ఉన్న వైపు డిసెంబర్.

ఆ సాయంత్రం మా ఒప్పందంలోని రెండు గంటలూ దీనికే పోయాయి. టెన్త్ పుస్తకంలో లేదు, ఇంటర్ బోటనీలో ఉందట. 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు దీన్ని పొగాకు మొక్కల్లో కనిపెట్టారు. వాళ్ళ దగ్గరున్న ఒక రకం పొగాకు వేసవంతా బారుగా పెరగడమే తప్ప పూసేది కాదు. మధ్యాహ్నం నుంచే వాటిని చీకటి కొట్లో పెడితే పూసింది. అప్పటిదాకా ఎరువు, ఎండ, వేడి అనుకున్నవాళ్ళకి, అసలు లెక్క పగటి నిడివిదని తెలిసింది. 1938లో హామ్నర్, బానర్ అనే మరో ఇద్దరు ఒక మెట్టు ముందుకెళ్ళారు. మొక్క కొలిచేది పగటిని కాదు, రాత్రిని. పొడవాటి రాత్రి మధ్యలో కాసేపు లైటు వేస్తే చాలు, ఆ రాత్రి లెక్కలోకి రాదు. చేమంతి కూడా ఇలాంటిదే. బెంగళూరు చుట్టుపక్కల చేమంతి తోటల్లో రాత్రిళ్ళు వరసగా బల్బులు వెలుగుతూ కనిపిస్తాయి. పూత కావాలని ఆపడానికి. నేను డబ్బు పెట్టి, తెలియకుండా, మా ఇంట్లో చేసింది అదే.

పెరట్లో మిగతావాటికి ఏమీ కాలేదు ఎందుకని మా అబ్బాయి అడిగాడు. లైటు వాటివైపు పడదు. పైగా అన్నిటికీ ఒకటే కొలత కాదు. మామిడికి కావలసింది చీకటి కాదు, చల్లటి రాత్రులు.

మరి లైటు తీసేయాలా? ఇక్కడే ఇంట్లో గొడవ. మా అమ్మాయే వద్దంది. "మూడు నెలల్లో ఎగ్జామ్స్. చెట్టు వచ్చే ఏడు ఎర్రబడుతుందిలే." మా వారిదీ అదే మాట. నాకూ లోపల అదే ఉంది, నిజం చెప్పాలంటే. చెట్టు కోసం పిల్ల చదువు ఆపిందంటారని భయం.

అత్తయ్యగారు అడ్డూ చెప్పలేదు, ఔననీ అనలేదు. మర్నాడు ఎనిమిదింటికి సీరియల్ టైముకి టీవీ ఆపేసి, రిమోట్ బీరువాలో పెట్టి, "మామ్మకి కళ్ళు మండుతున్నాయి, హాలు ఖాళీ, ఇక్కడ కూర్చుని చదువుకో" అన్నారు. ఆవిడ కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ సీరియల్‌ని నాలుగేళ్ళుగా ఒక్క రోజు వదల్లేదు.

టేబులు లోపలికి వచ్చింది. లైటు స్విచ్ మీద నల్ల టేపు అతికించాం. టేబులు జరుపుతుంటే సోషల్ నోట్సు కింద పడింది. తీసి చూశాను. సాయంత్రం రాసిన పేజీలు ముత్యాల్లా ఉన్నాయి. ప్రతి రోజూ చివరి రెండు పేజీల్లో అక్షరాలు గీత దాటి కిందకి జారాయి. ఒక చోట వాక్యం సగంలో ఆగి, పెన్ను గీత మాత్రం పేజీ చివరిదాకా పోయింది. ఆ టైములో నేను లోపల పడుకుని, బయట లైటు వెలుగుతోంది కదా, చదువుతోందనుకునేదాన్ని.

"మొక్కకీ పిల్లకీ ముడిపెట్టకు" అని మా వారు ముందే అన్నారు. పెట్టడం లేదు. నిద్ర గురించి చెప్పేంత డాక్టర్నీ కాను. మేం చేసింది ఇంతే: పదింటికి పుస్తకాలు మూసేయడం, ఐదున్నరకి లేవడం. మొదటి వారం నాకే నిద్ర పట్టలేదు. అందరి పిల్లలూ చదువుతుంటారు, మా పిల్ల పడుకుంది అని. రెండుసార్లు లేచి లేపబోయాను కూడా. మార్కులు పెరిగాయా అని అడుగుతారు. ప్రీఫైనల్స్‌లో సోషల్ పెరిగింది, మ్యాథ్స్ ఉన్నచోటే ఉంది, హిందీ రెండు తగ్గింది. తలనొప్పి అనడం మాత్రం మానేసింది.

సంక్రాంతి వెళ్ళింది. చెట్టు అలాగే పచ్చగా ఉంది. నేను ఆశ వదిలేశాను. జనవరి చివర్లో కొమ్మల చివర లేత ఆకుల ఈనెల వెంబడి సన్నగా ఎరుపు కనిపించింది. ఫిబ్రవరి రెండో వారానికి చెట్టంతా పాకింది. వీధిలో వాళ్ళు "ఈ ఏడు మీ క్రిస్మస్ ఆలస్యంగా వచ్చిందే" అని నవ్వారు. ఆ సాయంత్రం అత్తయ్యగారు కత్తెర పట్టుకుని వెళ్ళారు. కొమ్మ కోసి, చివర వేడినీళ్ళలో ముంచి, చెంబులో పెట్టి ఫొటో ముందు ఉంచి, "రెణ్ణెల్లు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అన్నారు. ఆయనతో మామూలుగా మాట్లాడినట్టే.

మీ ఇంట్లో పెంచాలనుకుంటే నాకు తెలిసిన నాలుగు సంగతులు. ఈ నెల షాపుల్లో దొరికే కుండీ మొక్కని రంగు పోయాక పారేయకండి. మార్చిలో కొమ్మలు సగానికి కత్తిరించి పెద్ద కుండీలోకో నేలలోకో మార్చండి. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు. ఆగస్టు దాటాక కత్తెర ముట్టుకోవద్దు, ముట్టుకుంటే రంగు తేలే చివళ్ళే పోతాయి. సెప్టెంబర్ చివరి నుంచి రాత్రిపూట దాని మీద ఏ లైటూ పడకూడదు. వీధి దీపం పడుతుంటే కుండీని సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున ఎనిమిది దాకా అట్టపెట్టెతో కప్పండి, పగలు తీసేయండి. ఒక రోజు మర్చిపోతే కొంపలేమీ మునగవు, రోజూ మర్చిపోతే మునుగుతాయి. పిల్లలకి ఈ పని అప్పగించవచ్చు, మా అబ్బాయి బాగానే చేస్తున్నాడు. పాలు కంట్లో పడకుండా, చేతికి అంటితే వెంటనే కడుక్కునేలా చూడండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అయితే డిసెంబరాలే మేలు, అవి ఇంత పేచీ పెట్టవు.

అమ్మాయి ఇప్పుడు ఇంటర్, బైపీసీ. పుస్తకంలో ఆ పాఠం ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకుంది. హాల్లో టీవీ మళ్ళీ మోగుతోంది గానీ ఎనిమిదిన్నర వరకే. సీరియల్ ఎంతవరకు వచ్చిందో అత్తయ్యగారు ఇప్పటికీ అందుకోలేకపోతున్నారు, పక్కింటావిడని అడుగుతుంటారు.

నవంబర్ చివరి ఆదివారం పొద్దున్నే అబ్బాయి గేటు దగ్గర్నుంచి కేకేశాడు. వెళ్ళి చూస్తే పైకొమ్మలో మూడు ఆకులు, తొడిమ దగ్గర వేలిగోరంత ఎరుపు. అత్తయ్యగారు కళ్ళజోడు లేకుండానే వచ్చి, దగ్గరగా చూసి, "అది పురుగేమో, సరిగ్గా చూడరా" అన్నారు.